ఆంగ్లవ్యాసములందలి యపశబ్దములు

విద్యార్థులు వ్రాయు ఆంగ్లవ్యాసములందలి తప్పులనుగూర్చి సంస్కృతవ్యాకరణము చదివినవాఁడు విచారింపఁబూనుట కొందఱు పాఠకులకు వింతగాఁ దోఁపవచ్చును. అది ఆంగ్లోపాధ్యాయుల పని గదా, మన కేల యని యడుగువారును ఉందురు. కాని వ్యాకరణమనునది యేదో యొక భాషకు మాత్రమే కట్టువడిన వస్తువు కాదు. శబ్దమునకును అపశబ్దమునకును భేద మెట్లు కలుగునో విచారించుట వైయాకరణుని పని. ఆ యపశబ్దము కాశీలోని విద్యార్థి సంస్కృతమున నున్నను, మన పల్లెలోని బాలుని యాంగ్లమున నున్నను, విచారమార్గ మొక్కటియే. పైఁగా నేఁడు రెండు తెలుఁగు రాష్ట్రములందును బ్రభుత్వపాఠశాలలలో సైతము ఆంగ్లమాధ్యమము వ్యాపించినది. చరిత్రకును, సామాన్యశాస్త్రమునకును ఆంగ్లముననే యుత్తరములు వ్రాయవలసిన బాలుఁడు, వాక్యమునఁ దప్పెనేని విషయమునఁ గూడఁ దప్పినవానిగాఁ గానవచ్చుచున్నాఁడు. కావున నీ విచారము కేవలము వినోదార్థము కాదు.

ఇటీవల నొక యున్నతపాఠశాలలోఁ బదవ తరగతివారి యాంగ్లవ్యాసములు కొన్ని చూచుట తటస్థించినది. ఇచ్చిన విషయము ‘మా యూర వాన కురిసిన దినము’. వానిలో రెండింటిని మాత్ర మిక్కడఁ బేర్కొందును. మొదటిది దోషరహితము. ఒక్క గీఁతయైన లేదు. అది బజారున దొరకు గైడు పుస్తకమునుండి కంఠస్థము చేసినదని రెండవ వాక్యముననే తెలిసిపోవును. ఏలయన, ఆ యూర నెవ్వరి యింటను లేని పొగగూటిచెంతఁ గుటుంబ మంతయుఁ గూర్చుండి చలి కాఁచుకొనినట్లు దానిలో నున్నది. రెండవది మఱియొక బాలుఁడు స్వయముగా వ్రాసినది. రాత్రి యంతయు వాన. చెఱువుకట్టకుఁ జిన్న గండ్లు. ఇసుకబస్తాలు మోయుచున్న తండ్రి. కట్టమీఁదికి వచ్చిన కొడుకుపైఁ గోపగించి యింటికిఁ బంపుట. తెల్లవాఱువఱకుఁ దండ్రి రాకపోవుట. చదివినవాని మనస్సు నిలుచు వ్యాసము. కాని పుట యంతయు నెఱ్ఱగీఁతలతో నిండియున్నది. మొదటిదానికి వచ్చిన మార్కులలో దీనికి సగమే వచ్చినవి.

నే నా యెఱ్ఱగీఁతల నన్నింటిని వరుసగా నెత్తివ్రాసికొని యొక్కొక్కదానికి మూలము వెదకితిని. గీఁతలు ఇరువదికిఁ బైఁబడి యున్నవి. మూలములు మాత్రము అయిదాఱు. ఈ భేదమే యీ వ్యాసమునకుఁ గారణము.

మహాభాష్యమునఁ బతంజలి మొదటి యాహ్నికముననే యొక ప్రశ్న వేసికొనినాఁడు: శబ్దముల నుపదేశింపవలయునా, అపశబ్దముల నుపదేశింపవలయునా, లేక రెండింటినా యని. శబ్దముల నుపదేశించుటయే లాఘవమని యాతని సమాధానము. ‘గౌః’ అను నొక్క శబ్దమునకు గావీ, గోణీ, గోతా, గోపోతలికా యని యపభ్రంశములు పెక్కు కలవు. వానిని లెక్కించుచుఁ బోయిన నంతు దొరకదు. ఇది చదివిన మనకు, ఎడమప్రక్కఁ దప్పు, కుడిప్రక్క నొప్పు అని రెండు వరుసలు వ్రాసి యచ్చువేయు ‘సామాన్యదోష’ గ్రంథములు చూడఁగానే నవ్వు రాక మానదు. వీనిలోఁ బ్రసిద్ధమైనది ఫిటికైడీస్ 1936లోఁ బ్రకటించిన పుస్తకము. ఆయన సైప్రస్ ద్వీపమున ఆంగ్లము బోధించినవాఁడు. పుస్తకము మంచిదే, సందేహము వచ్చినపుడు తెఱచి చూచుట కుపయోగపడును. కాని దానివంటివానిని బాలునిచేఁ బుటలు పుటలుగా వల్లెవేయించుట వేఱు. తాను కలలో నైనఁ జేయని తప్పులను గూడ వాఁడు నేర్చికొనును. తప్పుల పట్టిక యుపాధ్యాయునకుఁ గావలయును, శిష్యునకుఁ గాదు. ఉపాధ్యాయునకైనను పట్టిక చాలదు; ప్రతి తప్పునకు వెనుక నున్న సూత్రము కావలయును.

సూత్ర మనినాను. తప్పునకు సూత్ర మేమి యని యడుగవచ్చును. మన బాలుని వ్యాసముననే చూతము.

‘స్మాల్ స్మాల్ హోల్స్ కేమ్ ఇన్ ద బండ్’ అని వాఁడు వ్రాసెను. రెండవ ‘స్మాల్’ క్రింద గీఁత. మఱికొంత దూరమున ‘టూ టూ బిస్కట్స్’ అని యున్నది. రెండవ ‘టూ’ కొట్టివేయఁబడినది. దిద్దినవారి దృష్టిలో నివి రెండు తప్పులు. ఆ గీఁత కర్థము ‘పునరుక్తి’ యని కాఁబోలు. వైయాకరణుని దృష్టిలో నివి రెండును ఒక్కటే: వీప్స. పాణిని వీప్సార్థమున ద్విర్వచనము విధించినాఁడు. మన తెలుఁగునను ఆమ్రేడితము సర్వత్ర ప్రసిద్ధము. ‘చిన్న చిన్న గండ్లు’ అనఁగా నొక్కొక్కటియు విడివిడిగాఁ జిన్నదని. కేవలము ‘చిన్న గండ్లు’ అన్నంత మాత్రమున నా విడివిడి భావము రాదు. ‘రెండు రెండు బిస్కట్లు’ అనినను, ‘రెండేసి’ యనినను, తలకు రెండు చొప్పున నని యర్థము. దిద్దినవారు రెండవ ‘టూ’ కొట్టివేయఁగా మిగిలినదేమి? ఊరివారి కందఱకును గలిసి రెండు బిస్కట్లు! బాలుఁడు చెప్పఁదలఁచినది నశించి, వ్యాకరణము మాత్రము మిగిలినది. ‘టూ బిస్కట్స్ ఈచ్’ అని ‘ఈచ్’ శబ్దము చేర్చియుండిన వీప్సయు నిలిచియుండును, ఆంగ్లమును జెడకుండెడిది. వీప్స యనునది యున్నదని తెలిసినవానికే యది కొట్టివేసిన చోట మఱియొకటి పెట్టవలయునని తోఁచును.

‘మై ఫాదర్ బికేమ్ యాంగ్రీ ఆన్ మీ’. ఇది కారకవిషయము. తెలుఁగున ‘నామీఁదఁ గోపగించెను’. ఆంగ్లమునఁ గోపమునకు ‘విత్’ చేరును, అనఁగా మన ‘తోడ’ వంటిది. సంస్కృతమునఁ గోపమెవనిపైనో వానికి సంప్రదానసంజ్ఞ వచ్చి చతుర్థి: ‘మహ్యం క్రుధ్యతి’. మూఁడు భాషలు మూఁడు విధములు. కోపమునకు ‘మీఁద’ యే తగును, ‘తోడ’ యే తగును అనుటకు లోకమున హేతు వేమియు లేదు; అది యాయా భాషల వివక్ష. మన పాఠశాలలలో సంస్కృతము చెప్పువారందఱు నెఱిఁగిన సంగతి యొకటి కలదు. మొదటి సంవత్సరపు విద్యార్థి ‘మమోపరి క్రుధ్యతి’ యని వ్రాయును. ఆంగ్లమున ‘ఆన్ మీ’ యని వ్రాసిన తెలుఁగు ‘మీఁద’ యే యిక్కడ ‘ఉపరి’ యైనది. ఒకే పిల్లవాఁడు రెండు తరగతులలో నొకే తప్పుచేయుచున్నాఁడు. సంస్కృతపండితుఁడును, ఆంగ్లోపాధ్యాయుఁడును ఒకే గదిలోఁ గూర్చుండియు నది యొకే తప్పని యెఱుఁగరు.

‘వాటర్ ఎంటర్డ్ ఇన్టు ద హౌసెస్’ అనునదియు నీ జాతిదే. మనకు ‘ఇండ్లలోనికిఁ బ్రవేశించెను’. ఆంగ్లమున నా క్రియకు ఇల్లు కర్మ. (ఒడంబడిక చేసికొనునపుడు మాత్ర మాంగ్లేయులును ‘ఎంటర్ ఇన్టు’ అనియే యందురు. ఆ ప్రయోగము చూచి భ్రమపడినవానిని నిందింపఁజాలము.) ‘డిస్కస్ అబౌట్’ అను సుప్రసిద్ధదోషము ‘గుఱించి చర్చించు’ నుండి వచ్చినది. ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫిఫ్టీన్ ఇయర్స్’ అనుటకు మూలము మన ‘నుండి’. ‘పుట్టినప్పటినుండి’, ‘పదునైదేండ్లనుండి’ యని యారంభమునకును, గడచిన కాలమునకును మన కొక్కటే పదము. ఆంగ్లమున ఆరంభమునకు ‘సిన్స్’, పరిమాణమునకు ‘ఫర్’. సంస్కృతమునం దత్యంతసంయోగమునఁ గాలపరిమాణమునకు ద్వితీయ యని యెఱిఁగిన విద్యార్థికి, పరిమాణ మొకటి, అవధి యొకటి యను భేదము చెప్పుట కష్టము కాదు. చెప్పువారుండవలయును.

ఇంతవఱకుఁ జూచినవారు తప్పులన్నియుఁ దెలుఁగునుండియే వచ్చుచున్నవని తలంపవచ్చును. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయపు రాబర్ట్ లాడో 1957లోఁ బ్రకటించిన గ్రంథమున నిట్టి మతమునే ప్రతిపాదించెను: విద్యార్థి తన భాషాపద్ధతులను గ్రొత్తభాషలోనికి మోసికొనిపోవును, రెండింటికి సామ్యమున్నచోట సులభము, భేదమున్నచోటఁ గష్టము. ఈ మతము విని మన దేశమున సంతోషించినవారు పెక్కురు. కాని యిది సగమే నిజము. మన బాలుని వ్యాసమే దీనికి బాధకము.

‘ద రెయిన్ డిడ్ నాట్ స్టాప్డ్’ అని వాఁడు వ్రాసెను. ఇది తెలుఁగునుండి వచ్చినదా? ‘వాన ఆగలేదు’ అనుచోట ‘ఆగ’ యనునది తుమర్థకరూపము. ‘ఆగెను’ అను భూతక్రియ యచట రాదు. ‘ఆగెలేదు’ అని యే తెలుఁగు శిశువు నన్నదిలేదు. ఆంగ్లమునను సరిగా నిదియే పద్ధతి: ‘డిడ్ నాట్’ వచ్చినపుడు ‘స్టాప్’ అను మూలరూపమే యుండవలయును. సంస్కృతమునఁ జూతము: ‘గచ్ఛతి స్మ’ యనునపుడు భూతార్థమును ‘స్మ’ చెప్పుచుండఁగాఁ గ్రియ లట్టులోనే నిలుచును. ఒకచోటఁ జెప్పఁబడిన యర్థమును మఱల వేఱొకచోటఁ జెప్పనక్కఱలేదనునది మన శాస్త్రమునఁ బ్రసిద్ధమైన న్యాయము. మూఁడు భాషలు నిచ్చట నేకవాక్యముగా నున్నవి. అయినను దప్పు వచ్చినది. ఏల వచ్చినది? భూతకాలమునకు ‘డ్’ చేర్చవలయునను నుత్సర్గము వానికిఁ దెలిసినది. ‘డిడ్’ ఉన్నచోట నది చేరదను నపవాదము తెలియలేదు. ఈ తప్పు తెలుఁగునుండి రాలేదు, ఆంగ్లవ్యాకరణమునుండియే వచ్చినది.

‘మై ఫాదర్ నో స్విమ్మింగ్’ అను వాక్యమున ‘నోస్’ అని యుండవలసినచో ‘స్’ జాఱినది. లాడో చెప్పినట్లైన నిది మనవారికి మిక్కిలి సులభము కావలయును. ఎఱుఁగుదును, ఎఱుఁగుదువు, ఎఱుఁగును అని పురుషపురుషమునకుఁ బ్రత్యయము మార్చు భాష మనది. ఆంగ్లమున మాఱునది ప్రథమపురుషైకవచన మొక్కటే. అధిక మలవడినవానికి అల్పము కష్టమా? కష్టమే. అన్ని చోట్ల మాఱు రూపము మనస్సునకుఁ బట్టును. అయిదు చోట్ల మాఱక యాఱవ చోట మాత్రము మాఱునది యపవాదమై జాఱిపోవును. దానికిఁ దోడు నామములందు ‘స్’ బహువచనచిహ్నము, క్రియలయం దదియే యేకవచనచిహ్నము! బాలుని కలవరపఱుచుట కింతకన్న నేమి కావలయును? ‘ఐ డిడ్ నాట్ నో వేర్ ఈజ్ మై ఫాదర్’ అనుటయు నిట్టిదే. ‘మా నాన్న ఎక్కడ ఉన్నాఁడో తెలియలేదు’ అనుటలో మన కా వ్యత్యయ మేమియు లేదు. ప్రశ్నలోఁ బదములు తాఱుమాఱు కావలయునని బడిలో గట్టిగా నేర్పిరి. పరోక్షప్రశ్నలోఁ గారాదని మెల్లఁగాఁ జెప్పిరి. ఆంగ్లము మాతృభాషగాఁ గల పసిబిడ్డలును ‘గోయెడ్’, ‘ఫుట్స్’ అని కొంతకాలము పలుకుదురని యందఱు నెఱుఁగుదురు. వారికిఁ దెలుఁగు దోషము తగులలేదు గదా.

ఈ సంగతిని 1967లోఁ గోర్డర్ అను నాంగ్లపండితుఁ డొక వ్యాసమున స్పష్టపఱిచెను. తొందరలో జాఱినది స్ఖలితము; అది వ్రాసినవాఁడే చూచి దిద్దుకొనఁగలఁడు. మరల మరల నొకే తీరునఁ గానవచ్చునది దోషము. అది యప్పటికి వాని మనస్సులో నున్న వ్యాకరణమునకు సాక్ష్యము. 1972లో సెలింకర్ అనునాయన, విద్యార్థి భాష మాతృభాషయుఁ గాక, నేర్చుభాషయుఁ గాక, నడుమ నొక ప్రత్యేకపద్ధతిగా నుండునని చెప్పి దానికిఁ బేరొకటి పెట్టెను. మనము దానిని మధ్యభాష యనవచ్చును. వారి పరిభాష యెట్లున్నను, వైయాకరణున కిందు లాభ మొకటి కలదు. దోషమును ద్వేషింపక, దానికి లక్షణము చెప్పవచ్చునను ధైర్యము.

ఇఁక వ్యాసమంతటిలో నన్ను మిక్కిలి నొప్పించిన గీఁత యొకటి. ‘హీ టోల్డ్ దట్ ఐ విల్ కమ్ ఇన్ ద మార్నింగ్’ అని బాలుఁడు వ్రాసెను. ‘పొద్దున వచ్చెదనని చెప్పెను’ అని వాని భావము, వచ్చువాఁడు తండ్రి. మన ‘అని’ యును, సంస్కృతమున ‘ఇతి’ యును వక్త మాటను వక్త నోటనున్నట్లే నిలుపును. పురుషము మాఱదు, కాలము మాఱదు. ఆంగ్లమున ‘దట్’ అట్టిది కాదు. కథకుఁడు తన స్థానమునుండి పురుషమును గాలమును మార్చుకొనవలయును. బాలుఁడు ‘దట్’ అనునది ‘అని’ కి సమానమని నమ్మెను. నమ్మక మెక్కడిది? నిఘంటువునందును, తరగతిలోను ‘దట్ అనఁగా అని’ యనియే చెప్పిరి. సరే, దిద్దినవా రేమిచేసిరి? ‘విల్’ కొట్టివేసి ‘వుడ్’ వ్రాసిరి. ‘ఐ’ ని ముట్టలేదు. ఇప్పు డా వాక్యమునకు, పొద్దున నేను, అనఁగాఁ గొడుకు, వచ్చెదనని తండ్రి చెప్పినట్లర్థము! దిద్దక మునుపు తెలుఁగువాఁడైనను గ్రహింపఁగలిగిన యర్థము, దిద్దినపిదపఁ దెలుఁగువానికిని ఆంగ్లేయునకును గూడ నందకుండఁ బోయినది. తండ్రి తిరిగి వచ్చునా రాఁడా యను నాతురతయే యా వ్యాసమునకుఁ బ్రాణము. ఆ ప్రాణమున్న వాక్యమున నిట్టి చికిత్స జరిగినది. ‘అని’ యొక్క స్వభావ మెఱిఁగిన యుపాధ్యాయుఁడు ‘దట్’ తీసివేసి, తండ్రిమాటను ఉద్ధరణచిహ్నముల నడుమఁ బెట్టుమనియుండును. లేదా ‘ఐ’ ని ‘హీ’ గా మార్చియుండును. రెండును దెలుఁగు వ్యాకరణము తెలిసినవానికే తోఁచును.

‘రెయినింగ్ హోల్ నైట్, ద ట్యాంక్ బికేమ్ ఫుల్’ అను వాక్యము క్త్వార్థకవిషయము. క్త్వార్థకమునకును ప్రధానక్రియకును గర్త యొక్కఁడే కావలయునని సంస్కృతమున నియమము. ఆంగ్లమునను ఇట్టి ధాతుజవిశేషణమున కదియే నియమము. లేనిచోఁ జెఱువే కురిసినట్లగును. తెలుఁగున నియమ మిట్లే యున్నను, కారణకార్యభావ మున్నచోట సడలును: ‘వాన కురిసి చెఱువు నిండినది’ యని మన మందఱ మందుము, ఎవ్వరును దప్పనరు. ఆ సడలింపే బాలుని వాక్యమునకు వచ్చినది. వాని కిక్కడ కావలసినది మన సతిసప్తమి: ‘దేవే వృష్టే’ యన్నట్లు. ఆంగ్లమున దానికి సమానము లేకపోలేదు. ‘ఇట్ హావింగ్ రెయిన్డ్ ఆల్ నైట్’ అని వేఱు కర్తను బెట్టి చెప్పవచ్చును. సంస్కృతము రెండవభాషగాఁ జదువు బాలున కీ సామ్యము రెండు నిమిషములలోఁ జెప్పవచ్చును; తెలుఁగు మాత్రమే చదువువానికి ‘వాన కురియఁగా’ అని మార్చి చెప్పిన సరిపోవును.

అన్ని తప్పులకును ఇట్టి సులభచికిత్స యున్నదని నేనను. ‘ఏ’, ‘ద’ అను ఉపపదముల విషయ మట్టిది కాదు. ‘ఐ సా స్నేక్ ఆన్ బండ్’ అని వ్రాసిన బాలునకుఁ దెలుఁగున ‘కట్టమీఁదఁ బాము చూచితిని’ యని తోఁచినది. ఆ వాక్యమున ఉపపదమునకు స్థానమే లేదు. సంస్కృతమునను లేదు. వినువాఁ డెఱిఁగిన వస్తువా కాదా యనునది మన భాషలు సందర్భమునకు వదలివేయును. మఱీ కావలసినచో ‘ఆ’ యనియో, ‘ఒక’ యనియో చేర్చుదుము. రష్యనులును, జపానువారును ఈ విషయముననే తడఁబడుదురు. వారి భాషలందును ఉపపదములు లేవు. దీనికి సూత్రములు చెప్పఁబూనినచో నపవాదములు సూత్రమును మ్రింగివేయును. పెక్కు పుస్తకములు చదువుట దక్క వేఱు మార్గము కానరాదు. ఎఱ్ఱగీఁతలలో నాలవపాలు వీనికే చెల్లినవి. ఒకే లోపమునకుఁ బలుమాఱులు శిక్ష!

ఎఱ్ఱగీఁతల ఫలమునుగూర్చియే పాశ్చాత్యులలో వాదము జరిగినది. 1996లో ట్రస్కాట్ అనునాయన, వ్యాసములందలి వ్యాకరణదోషములను దిద్దుట నిష్ఫలమే కాక హానికరమనియు, దానిని మానివేయుటయే మేలనియు వాదించెను. 1999లో డేనా ఫెరిస్ అను విదుషి దానిని ఖండించి, దిద్దుటలోఁ బద్ధతి భేదములు కలవని, మంచిపద్ధతి ఫలించునని చెప్పెను. నాకు ట్రస్కాట్ మత మతివాదముగాఁ దోఁచుచున్నది. వైద్యుఁడు నిదాన మెఱుఁగక మందిచ్చెనని మందునే నిషేధింపరాదు గదా. కాని నిదానము లేని గీఁత వ్యర్థమనుటలో నాకు సందేహము లేదు. కట్టలు కట్టలుగా జవాబుపత్రములు ముందు పెట్టుకొనిన పరీక్షకునకు మూలములు వెదకు తీఱిక యెక్కడిదని యడుగవచ్చును. న్యాయమే. అయినను ఒక మూలమునుండి పుట్టిన దోషము పదిచోట్ల వచ్చినను ఒక దోషముగనే లెక్కించుటకు విశేషకాలము పట్టదు. ఇరువది గీఁతలు ఆఱగును. అప్పుడు పొగగూటి వ్యాసమునకును, చెఱువుకట్ట వ్యాసమునకును నడుమ నిప్పుడున్నంత యంతరము మిగులదు. అంతర ముండినచో నది తాఱుమాఱుగా నుండవలయునని నా యభిప్రాయము. లేనిచో బాలురు గ్రహించు పాఠము స్పష్టము: సొంతముగా వ్రాయకుము, వ్రాసినఁ దప్పు పట్టుకొందురు.

పండితులలోఁ గొందఱు మన పిల్లల యాంగ్లమును జూచి పరిహసించుట కలదు. వారికి గిడుగు రామమూర్తిపంతులుగారి (1863–1940) ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’ జ్ఞాపకము చేయవలసియున్నది. గ్రాంథికమునే వ్రాయవలయునని పట్టుపట్టిన పండితుల గ్రాంథికముననే యెన్ని వ్యావహారికరూపములు చొరఁబడినవో యందుఁ జూపఁబడినది. వాదమున నెవరిది జయమైనను గానిండు. పుట్టుకతోఁ బలుకని భాషను వ్రాయఁబూనినవానికిఁ బలుకు భాష చాటునుండి చేయి యందించుచునే యుండుననుటకు అంతకన్నఁ దార్కాణ మక్కఱలేదు. బాలుని ‘ఆన్ మీ’ యు, పండితుని లేఖిని జాఱిన వాడుకరూపమును ఒకే జాతివి.

మిగిలిన దొక్క గీఁత. ‘అవర్ హెడ్‌మాస్టర్ ఆల్సో కేమ్. దే గేవ్ అస్ టూ టూ బిస్కట్స్’. ఇందు ‘దే’ క్రింద గీఁతయు, ప్రక్కన ఆశ్చర్యార్థకచిహ్నమును గలవు. ‘ప్రధానోపాధ్యాయులవారు వచ్చిరి, వారు ఇచ్చిరి’ అని బాలుఁడు తలఁచెను. గురువును ‘హీ’ యనుటకు వానికి నోరు రాలేదు. అది ‘వాఁడు’ అన్నట్లే తోఁచియుండును. తండ్రిని మాత్రము ‘హీ’ యనియే వ్రాసినాఁడు. ఇంట ‘మా నాన్న వచ్చినాఁడు’ అను చనువు కొన్ని సీమలలోఁ గలదు, కావున నందు వింత లేదు. ఒకే పుటలో నిరువురకు రెండు వచనములు వాడిన యీ పిల్లవాఁడు వచనభేద మెఱుఁగనివాఁడు కాఁడు. గౌరవార్థమున బహువచన మాంగ్లమునఁ బ్రథమపురుషమునందు లేదని వానికిఁ జెప్పవలయును. గౌరవము ‘సర్’ అనుటయందో, పేరున కుపాధి చేర్చుటయందో చూపవలయునని చెప్పవలయును. దానితోఁ బాటు మఱియొకటియుఁ జెప్పవచ్చును. ఆంగ్లమున ‘యూ’ అనునది పూర్వము బహువచనమే. ఏకవచనమునకు ‘దౌ’ అనునది వేఱుగా నుండెడిది. మన్నింపఁదగినవాని నొక్కనినే ‘యూ’ యని పిలుచుట మధ్యయుగమున మొదలై, క్రమముగా నందఱకును వ్యాపించి, ‘దౌ’ వాడుకనుండి తొలఁగిపోయినది. నేఁటికిని ఒక్కనితో మాటాడునపుడు సైతము ఆంగ్లేయులు ‘యూ ఆర్’ అని బహువచనక్రియనే వాడుదురు.